బార్ లేచింది సరే, లైట్లు ఏం చెప్పాయి?

ఒడిశా బరంపురంలో నా పని పెళ్ళి ఆల్బమ్‌లు. తెలుగువాళ్ళ పెళ్ళయినా ఒడియావాళ్ళ పెళ్ళయినా ఫొటోలు చేతికొచ్చాక తీరిగ్గా కూర్చుని, రంగులు సరిచేసి, పదిహేను రోజులకో నెలకో ఇస్తాను. ఈలోగా ఫోన్ చేసి తిట్టడం పెళ్ళివారి వంతు. అలాంటి నన్ను కిందటి చలికాలంలో ఒక వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి పిలిచారు. పోటీ జరుగుతున్న హాల్లోనే కూర్చోవాలి. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీసినవి తీసినట్టు ఏరి, దిద్ది, కింద పేర్లు రాసి, పేపర్లకీ నిర్వాహకుల పేజీకీ పంపాలి. మెడల్ వేయించుకున్న పిల్ల స్టేజీ మెట్లు దిగేలోపు ఆ ఫొటో వాళ్ళ కోచ్ ఫోన్లో మోగాలని నిర్వాహకుల కోరిక. కోరికకేం, ఎంతైనా కోరొచ్చు.

మా ఊళ్ళో ఈ ఆటంటే పిచ్చి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం తెచ్చిన కె. రవికుమార్ బరంపురం కుర్రాడే. బోర్డర్ దాటి శ్రీకాకుళం వైపు వెళితే ఆమదాలవలస దగ్గర కరణం మల్లీశ్వరి ఊరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఎత్తింది స్నాచ్‌లో (ఒకే ఊపులో నెత్తి మీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత నెత్తి మీదికి) 130, మొత్తం 240 కిలోలు. ఈ అంకెలు మా వైపు టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు. అంటే మేం పంపే ఫొటో కింద ఒక్క కిలో తేడా రాసినా పట్టుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారన్నమాట. నాకు అసలు టెన్షన్ అదే.

ముందురోజు రాత్రే హాలు చూసొచ్చాను. నాకు కేటాయించిన బల్ల గుమ్మం పక్కన ఉంది. గాలి బాగా తగులుతుంది, కానీ స్కోరు రాసేవాళ్ళు హాలుకి ఆ చివర. వద్దన్నాను. స్కోరు బల్ల పక్కనే ఇంత చోటు చాలన్నాను. అక్కడ సుద్దపొడి ఎగిరొస్తుంది, లిఫ్టర్లు చేతులు చరిచినప్పుడల్లా తెల్లటి మబ్బు లేస్తుంది, లాప్‌టాప్ పాడవుతుందని భయపెట్టారు. పాడైతే తుడుచుకుంటానన్నాను. పైన వరసగా ఉన్న లైట్లు నేరుగా స్క్రీన్ మీద పడుతున్నాయి. తెరమీద నలుపు ఏదో బూడిదరంగు ఏదో తెలియడం లేదు. మా ఆవిడ పట్టుచీర అట్టడబ్బా ఒకటి తెచ్చి, ఒక పక్క కోసేసి, లోపల నల్ల కాగితం అంటించి, దాన్ని స్క్రీన్‌కి గొడుగులా తొడిగాను. చూసినవాళ్ళు నవ్వారు గానీ రెండు సెషన్లు అయ్యేసరికి ఆ డబ్బాలో తల దూర్చి తమ ఫొటో చూసుకోని కోచ్ లేడు.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు ముక్కలు. ఇంట్లో నేను వాడేది లైట్‌రూమ్. అది ప్రతి ఫొటోకీ తన సొంత ప్రివ్యూ తయారు చేసుకుంటుంది. వందల ఫొటోలు ఒక్కసారి వచ్చి పడితే గిరగిరా తిరుగుతూ కూర్చుంటుంది. ఏరడానికి మాత్రం ఫొటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. కెమెరా ఫైల్లోనే దాచి ఉంచిన చిన్న జేపెగ్‌ని అది చూపిస్తుంది కాబట్టి బాణం నొక్కగానే తర్వాతి ఫొటో ఠక్కున వస్తుంది. దాన్లో ఇంకో సుఖం ఉంది. ముందే ఒక పట్టిక రాసి పెట్టుకుంటే, రెండు గీతల మధ్య ఓ నంబర్ కొట్టగానే ఆ మనిషి పూర్తి పేరు, జిల్లా, విభాగం వాటంతటవే వచ్చేస్తాయి. హడావిడిలో పేరు టైపు చేయడమంటే పేరు తప్పు రాయడమే.

ఆ పట్టిక తయారుచేయడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. బరువు చూసేది ప్రతి సెషన్‌కీ రెండు గంటల ముందు. అప్పటికి గానీ ఎవరు ఉన్నారో ఎవరు మానేశారో తేలదు. పైగా పేర్ల గొడవ. ఒడియా పిల్లలకి బెహెరా, సాహు, పాత్ర అని చివర్లో వస్తాయి. మన తెలుగు పిల్లల ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మూడో కాగితంలో ఒక్క పొడి అక్షరం. ఒకే కుర్రాడు మూడు కాగితాల్లో ముగ్గురయ్యాడు. సర్టిఫికెట్ మీద ఏ పేరు అచ్చవుతుందో అదే నా పట్టికలోనూ ఉండాలని స్కోరు రాసే మేష్టారూ నేనూ ఒప్పందం చేసుకున్నాం. బడాబజారు వైపు ఉండే రిటైర్డ్ పీఈటీ ఆయన. నన్ను “బావూ” అనీ, నా లాప్‌టాప్‌ని “నీ పెట్టి” అనీ పిలిచేవారు.

ఇక పోటీ మొదలైతే ఊపిరాడదు. పేరు పిలిచాక లిఫ్టర్‌కి ఒక నిమిషం. తన వెంట తనే మళ్ళీ ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు. స్నాచ్‌లో మూడు ప్రయత్నాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. గ్రూపులో పదిమంది ఉంటే అరవై ప్రయత్నాలు. ఒక్కోదానికి ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ తలా పదిహేను ఫ్రేములు నొక్కినా ఒక సెషన్‌కి పద్దెనిమిది వందల ఫొటోలు. అందులో బయటికి వెళ్ళేవి పాతికో ముప్ఫయ్యో. కార్డులు మోయడానికి మా మేనల్లుణ్ణి పెట్టాను. నిండిన కార్డు కుడి జేబు, ఖాళీది ఎడమ జేబు. నేను రెండు డిస్కుల్లోకి ఎక్కించి చెయ్యి ఊపేదాకా ఏ కార్డూ ఫార్మాట్ కాకూడదు. వాడు కాలేజీ కుర్రాడు, అయినా ఆ నియమం మాత్రం బాగానే పాటించాడు. వాడు “మావయ్యా, ఇచ్ఛాపురం అన్నది” అంటే ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా, “భాయిది” అంటే రెండో ఫొటోగ్రాఫర్ కెమెరా.

పెళ్ళి ఫొటోలో తాళి కట్టినట్టు కనిపిస్తే కట్టినట్టే. ఇక్కడ అలా కాదు. చేతులు నిటారుగా, బార్ నెత్తి మీద, మొహంలో గెలుపు, ఫొటో అద్భుతం. కానీ ఆ లిఫ్ట్ చెల్లిందా? ఒకసారి చాచిన మోచేయి మళ్ళీ కాస్త వంగి లేచిందనుకోండి, జడ్జీలు ఎర్రలైటు వేస్తారు. ఆ వంపు రెప్పపాటులో అయిపోతుంది. మా ఫ్రేములో పడదు, పడినా తెలియదు. ముగ్గురు రెఫరీలు, మూడు లైట్లు. రెండు తెల్లవి వెలిగితే చెల్లినట్టు, రెండు ఎర్రవి వెలిగితే పోయినట్టు. ఫొటోని ఎంత పెద్దది చేసి చూసినా ఆ సంగతి తేలదు. ఎర్రలైటు పడ్డ లిఫ్ట్‌ని “120 కిలోలు ఎత్తి” అని రాసి పంపామా, మర్నాడు ఊళ్ళో తలెత్తుకు తిరగలేం.

అందుకని మొదటి సెషన్‌కి ముందే ఇద్దరు ఫొటోగ్రాఫర్లనీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాను. ప్రతి లిఫ్ట్ అయ్యాక లైట్ల బోర్డునీ స్కోరు బోర్డునీ ఒక్క ఫ్రేము తీయండి, నాకు గుర్తుగా ఉంటుంది. మేనల్లుడికి అన్న, నాకు తమ్ముడు అయిన ఇచ్ఛాపురం అతను సరే అన్నాడు. భాయికి మాత్రం నచ్చలేదు. లిఫ్ట్ అయిన మరుక్షణమే కదా లిఫ్టర్ అరిచేది, కూలబడేది, కోచ్ మీదికి దూకేది, అప్పుడు నేను బోర్డు తీస్తూ కూర్చోవాలా అన్నాడు. అదీ నిజమే. చివరికి తమ్ముడు బోర్డు తీసేటట్టు, భాయి మనిషిని వదలకుండా ఉండేటట్టు కుదిరింది. అది పనిచేయాలంటే రెండు కెమెరాల గడియారాలూ సెకన్లతో సహా కలవాలి. ఇద్దరి చేతా నా ఫోన్లో సెకన్లు తిరుగుతున్న గడియారాన్ని ఒకేసారి ఫొటో తీయించాను. తేడా ఎంతుందో దాన్నిబట్టి తెలుస్తుంది, ఎక్కించేటప్పుడే సరిచేసుకోవచ్చు. టైము ప్రకారం సర్దగానే భాయి తీసిన అరుపు పక్కనే తమ్ముడు తీసిన లైట్లు వచ్చి కూర్చునేవి.

మేష్టారు దీనికి ఇంకో తాళం చెవి ఇచ్చారు. ఈ ఆటలో బార్ మీద బరువు పెరుగుతూ పోతుందే గానీ తగ్గదు. తక్కువ అడిగినవాళ్ళు ముందు ఎత్తుతారు, ఎక్కువ అడిగినవాళ్ళు తర్వాత. కాబట్టి టైము ప్రకారం పేర్చిన ఫొటోల కింద రాసిన కిలోలు కూడా ఎక్కుతూనే ఉండాలి. స్నాచ్ అయిపోయి క్లీన్ అండ్ జెర్క్ మొదలైన చోట తప్ప మధ్యలో ఎక్కడైనా అంకె దిగిందంటే ఏదో కార్డు తారుమారైందన్నమాట. బయటికి పంపేముందు ఒకసారి ఆ అంకెల వరస మీద చూపు పరిగెత్తించేవాణ్ణి. పది సెకన్ల పని.

అనుమానం వస్తే ప్లేట్లే సాక్ష్యం. ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. చిన్నవి కూడా అదే వరస, ఎరుపు రెండున్నర, నీలం రెండు, పసుపు ఒకటిన్నర, ఆకుపచ్చ ఒకటి, తెలుపు అరకిలో. మగవాళ్ళ బార్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15, రెండు వైపులా బిగించే కాలర్లు కలిపి 5. ఒకమ్మాయి ఫొటోలో నేను 70 అని రాశాను. మేష్టారు డబ్బాలోకి తొంగి చూసి, “ఆ కొసాకి ఉన్న చిన్న పచ్చ బిళ్ళ కనపడ్డాదా? పదిహేనూ అయిదూ ఇరవై, ఎర్రవి రెండూ యాభై, పచ్చవి రెండూ రెండు. డెబ్భైరెండు బావూ” అన్నారు. తర్వాతి నుంచి ప్లేట్ల కొస కోసుకుపోయేలా క్రాప్ చేయడం మానేశాను. ఫొటో అందానికి దగ్గరగా క్రాప్ చేయమనే అంటారు గానీ, ఈ ఆటలో బార్ రెండు కొసలూ ఉండటమే నాకు అందంగా అనిపిస్తుంది. ఆ బరువుకి బార్ వంగడం కూడా అప్పుడే కనిపిస్తుంది.

రంగుల సంగతి వేరే తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే హాల్లో ట్యూబులు, పాత లైట్లు సెకనుకి వందసార్లు మసకబారి వెలుగుతాయి. కంటికి తెలియదు. ఫ్లాష్ వాడకూడదు, లిఫ్టర్ కంట్లో కొడుతుంది. షట్టర్ సెకనులో వెయ్యో వంతు పెడితే, వరసగా తీసిన ఫ్రేముల్లో ఒకటి తెల్లగా, ఒకటి పచ్చటి నీరసంగా, ఒకటి నారింజ రంగులో వస్తుంది. ఒకే మనిషి, ఒకే లిఫ్ట్, మూడు రంగులు. ఇంట్లోలాగా ఒకదాన్ని సరిచేసి మిగతా అన్నిటికీ అంటించేద్దామంటే కుదరదు. తమ్ముడి కెమెరాలో ఫ్లికర్ తగ్గించే సెట్టింగు ఉంది, ఆన్ చేయించాను. వేగం కొంచెం తగ్గింది గానీ నా పని సగానికి సగం తగ్గింది. భాయిది పాత కెమెరా, ఆ సదుపాయం లేదు. వాడి ఫొటోల్లో సుద్ద రాసుకున్న అరచేతిని తెలుపుగా ఎంచుకుని ఒక్కొక్కటీ విడిగా సరిచేశాను. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఉన్న సౌకర్యం అదొకటి, ప్రతి ఫొటోలోనూ ఒక తెల్లటి వస్తువు గ్యారంటీ.

అంతకుమించి చేసిందేం లేదు. వంకరగా ఉంటే నిలబెట్టడం, క్రాప్, వెలుగు కొంచెం ఎత్తడం, గరుకు కొంచెం తగ్గించడం. రా ఫైళ్ళు (కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చేవి) భద్రంగా దాచిపెట్టి జేపెగ్‌ల మీదే పని చేశాను. 2015లో రాయిటర్స్ వార్తాసంస్థ వాళ్ళు తమ ఫ్రీలాన్సర్లకి రా నుంచి తయారుచేసినవి వద్దు, కెమెరాలోంచి వచ్చిన జేపెగ్‌లే పంపమన్నారు. అప్పట్లో చదివి నాకు అతి అనిపించింది. ఆ బల్ల దగ్గర కూర్చున్నాక వాళ్ళ వేగం సంగతీ, నిజం సంగతీ రెండూ అర్థమయ్యాయి.

ఏరడంలో నేను కటువుగా ఉన్నది అమ్మాయిల ఫొటోల దగ్గర. స్నాచ్‌లో బార్ కింద పూర్తిగా గొంతుకూర్చున్న క్షణమే ఈ ఆటలో అసలు ఫొటో. కానీ ఎదురుగా నేలబారు నుంచి తీస్తే అది ఆ పిల్ల పేపర్లో చూసుకోదగ్గ ఫొటో కాదు. అలాంటివి ఎంత పదునుగా ఉన్నా పక్కన పడేశాను. రెండో సెషన్ నుంచి పక్క వాటుగా తీయమన్నాను. బార్ మెడ దగ్గర ఒత్తి కళ్ళు తిరిగి వెనక్కి పడిపోయిన కుర్రాడివి భాయి వరసగా తీశాడు. నిమిషంలో లేచి కూర్చున్నాడు, ప్రమాదం లేదు. భాయి దృష్టిలో ఆ రోజుకి అదే మంచి వరస. నేను పంపలేదు. వాడికి ఇంకా కోపమే. ఒక విలేకరి కూడా బల్ల దగ్గరికి వచ్చి “హెలా కి భాయి, హెలా కి” (అయ్యిందా భాయి, అయ్యిందా) అంటూ ఆ ఫొటోలే అడిగాడు. నువ్వే తీసుకోవాల్సింది కదా అన్నాను.

ఇక అందరికన్నా గుర్తుండిపోయిన మనిషి గోపాలపూర్ నుంచి వచ్చిన ఒకాయన. సముద్రం మీద వేటకెళ్ళే మన తెలుగువాళ్ళే. కొడుకు క్లీన్ అండ్ జెర్క్ మూడో ప్రయత్నంలో బార్ నెత్తి మీదికి లేపాడు, హాలంతా లేచి నిలబడింది, రెండు ఎర్రలైట్లు, ఒక తెల్ల లైటు. పోయింది. తమ్ముడి ఫ్రేములో కుర్రాడి వెనకే ఆ లైట్లు స్పష్టంగా పడ్డాయి. ఫొటో మాత్రం నిజంగా బావుంది. ఆయన డబ్బాలో తల పెట్టి చాలాసేపు చూశాడు.

“బావూ, ఆ ఎర్ర దీపాలు కనపడకుండా సేసెయ్యవా? నీకు సేతకానిదేటుంది?”

చెయ్యొచ్చు. పెళ్ళి ఫొటోల్లో గోడ మీది స్విచ్‌బోర్డులూ, మధ్యలో దూరిన బంధువులూ నా చేతిలో ఎంతమంది మాయమయ్యారో లెక్కలేదు. ఇది అలా చేయకూడదయ్యా, పోటీ ఫొటో కదా అంటే ఆయనకి అర్థం కాలేదు. “పేపరుకొద్దు, ఇంట్లో గోడకే” అన్నాడు. అప్పుడు వెతికి, లైట్లు ఇంకా వెలగని ఫ్రేము ఒకటి తీశాను. చేతులు పైనే ఉన్నాయి, బోర్డు ఖాళీగా ఉంది. దాన్ని ఏమీ చెరపకుండానే ఇవ్వొచ్చు. ఫైలు లోపల రాసే వివరంలో మాత్రం మూడో ప్రయత్నం, చెల్లలేదు అనే ఉంచాను. అది కూడా ఆయనకి చెప్పాను. ఆయన ఆలోచించి, “పోనీ, తెల్ల దీపాలు ఎలిగినది ఏదైనా ఉన్నాదేటి?” అన్నాడు. రెండో ప్రయత్నం. మూడు తెల్లలైట్లు. కుర్రాడి మొహం అంత బాగా పడలేదు, ఒక కన్ను మూసుకుంది, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. “ఇదే ఇయ్యి. ఇది ఎత్తినాడు కదా” అని పెన్‌డ్రైవ్ లేకపోతే పక్క కోచ్ దగ్గర అడిగి తెచ్చుకున్నాడు.

పంపడంలో పెద్ద కథ లేదు. పొడవు వైపు రెండు వేల పిక్సెల్స్, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలకి సరిపోయే రంగుల పద్ధతి), ఒక మెగాబైట్ అటూ ఇటూ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిపేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాను. జనం పెరిగేకొద్దీ హాల్లో నెట్ చచ్చిపోయేది. మా మేనల్లుడు హాట్‌స్పాట్ ఫోన్ పట్టుకుని గుమ్మం బయట నిలబడేవాడు. వాడికి పకోడీలు తినడానికి అదో సాకు. ఫైనల్స్ రోజు సాయంత్రం కరెంటు పోయింది. జనరేటరుకి డీజిల్ పోయించడం ఎవరి పనో తేలక నిర్వాహకులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటుంటే నేను లాప్‌టాప్ బ్యాటరీ మీద పతకాల ఫొటోలు పంపేశాను. పోటీ ఆగిపోయింది కాబట్టి కొత్తవి రాలేదు. నిజం చెప్పాలంటే ఆ అరగంటే నాకు ఊపిరి తీసుకోవడానికి దొరికింది.

పతకాల ఫొటోల గురించి ఒక్కటి చెప్పాలి. పేపర్లు వేసేవి అవే. బార్ కింద నలిగిపోతున్న మొహం మాకు కళ, వాళ్ళకి మెడల్ కొరుకుతున్న పిల్ల కావాలి. మర్నాడు ఒడియా పేపర్లలో, బోర్డర్ ఇవతలి వార్తలు వేసే తెలుగు జిల్లా పేజీలో కూడా పోడియం ఫొటోలే వచ్చాయి. తమ్ముడు కొంచెం చిన్నబోయాడు. మేష్టారు మాత్రం పేర్లూ కిలోలూ ఒక్కొక్కటీ వేలుపెట్టి చదివి, “అంతా సరిగ్గానే ఉన్నాది” అన్నారు. నాకదే చాలు.

మళ్ళీ పిలుస్తామని ఈమధ్య కబురు పెట్టారు. నా షరతులు చెప్పాను. స్కోరు బల్ల పక్కనే చోటు, సెషన్ అవగానే స్కోరు షీటు జిరాక్స్, ఫొటోగ్రాఫర్లలో ఒకరు లైట్ల బోర్డు వదలకూడదు, నా ఒక్కడికీ వేరే ఇన్వర్టర్ లైను, రేటు కొంచెం పెంచాలి. మొదటి నాలుగింటికీ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. అయిదోదాని గురించి పోటీలు దగ్గర పడ్డాక మాట్లాడదాం అన్నారు.